ఆట, నడక, మనసు: విజయవాడలో పదేపదే వినిపించే ప్రశ్నలు

పిల్లలకు ఆటలు నేర్పే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నన్ను ప్రశ్నలడిగేది పెద్దవాళ్లే. మునిసిపల్ స్టేడియంలో పొద్దున నడిచేవాళ్లు బీపీ, షుగర్ గురించి మొహమాటం లేకుండా అడుగుతారు. నిద్ర పట్టడం లేదనో, కారణం లేకుండా ఏడుపొస్తోందనో చెప్పాలంటే మాత్రం పక్కవాళ్లు వెళ్లేదాకా ఆగుతారు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. మందుల ప్రస్తావన ఉన్న జవాబులను ఒక సైకియాట్రిస్టుకు చూపించి సరిచేసుకున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నడిస్తే మనసు బాగుపడుతుందంటారు. నిజమేనా, వాట్సాప్ మాటలా?

నిజమే. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో జేమ్స్ బ్లూమెంథాల్ బృందం డిప్రెషన్ ఉన్న 156 మందిని మూడు జట్లు చేసింది. అందరూ 50 ఏళ్లు, ఆ పైబడినవాళ్లే. ఒక జట్టుకు మాత్ర ఇచ్చారు, ఒక జట్టుతో వ్యాయామం చేయించారు, మూడో జట్టుకు రెండూ. 16 వారాల తర్వాత మూడు జట్లూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. మాత్ర వేసుకున్నవాళ్లలో గుణం కాస్త ముందుగా కనిపించింది. ఈ ఫలితాలు 1999లో వచ్చాయి.

2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 218 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. నడక, జాగింగ్, యోగా, బరువులెత్తడం, అన్నీ డిప్రెషన్ లక్షణాలను తగ్గించాయని అందులో తేలింది. వాటిలో చాలా అధ్యయనాల నాణ్యత గొప్పగా లేదని ఆ రాసినవాళ్లే ఒప్పుకున్నారు. కాబట్టి వ్యాయామం పనిచేస్తుందని చెప్పడానికి ఆధారం ఉంది. అందరికీ, అన్నిటికీ అదే మందు అనడానికి లేదు.

కాళ్లు కదిలిస్తే మనసుకు ఎలా తగులుతుందండీ? లోపల ఏం జరుగుతుంది?

ఎండార్ఫిన్లు అన్న మాట అందరి నోటా ఉంది కానీ అసలు సంగతి అంత సూటిగా లేదు. రక్తంలో పెరిగే ఎండార్ఫిన్లు మెదడులోకి సులువుగా వెళ్లలేవు. పరుగు తర్వాత వచ్చే హాయి వెనక ఎండోకన్నాబినాయిడ్లు అనే వేరే రసాయనాలు ఉన్నాయని శాస్త్రవేత్తలు ఇప్పుడు ఎక్కువగా అనుకుంటున్నారు. ఇవి మన ఒళ్లే తయారుచేసుకునేవి, కొవ్వులో కరిగేవి, కాబట్టి మెదడును తేలిగ్గా చేరతాయి. మెదడు కణాలు ఎదగడానికి తోడ్పడే బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ కూడా వ్యాయామంతో పెరుగుతుంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో 120 మంది పెద్ద వయసువాళ్లను రెండు జట్లు చేశారు. ఏడాదిపాటు నడిచిన జట్టులో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసిన జట్టులో అది కుంచించుకుపోయింది.

రసాయనాలకు తోడు ఇంకొన్ని జరుగుతాయి. నిద్ర మెరుగవుతుంది. ఒకే ఆలోచన గిరగిరా తిరిగే మనసుకు కాసేపు వేరే పని దొరుకుతుంది. నలుగురి మొహాలు కనిపిస్తాయి. ‘ఇవాళ ఈ ఒక్కటైనా చేశాను’ అన్న తృప్తి మిగులుతుంది. నన్నడిగితే రసాయనాల కన్నా ఈ చివరిదే ఎక్కువ పనిచేస్తుందంటాను. ఇది శాస్త్రం చెప్పిన మాట కాదు, ఇన్నేళ్లు గ్రౌండ్‌లో మనుషుల్ని చూసి ఏర్పడ్డ అభిప్రాయం.

నాకు జబ్బేమీ లేదు, ఊరికే టెన్షన్. నాకూ పనికొస్తుందా?

పనికొస్తుంది. నార్వేలో సుమారు 34 వేల మంది పెద్దవాళ్లను 11 ఏళ్లపాటు గమనించారు. వారానికి కనీసం ఒక గంట వ్యాయామం అందరూ చేసి ఉంటే, తర్వాత వచ్చిన డిప్రెషన్ కేసుల్లో 12 శాతం రాకుండా ఉండేవని లెక్క కట్టారు. రోజుకు కాదు, వారానికి గంట. మరీ గట్టి వ్యాయామం కూడా అక్కర్లేదు.

పొద్దుటి నుంచి రాత్రిదాకా ఇంటి పనే. షాపులో పది గంటలు నిలబడతాం. అది వ్యాయామం కాదా?

ఆడవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు, కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోసేవాళ్లు కూడా అడుగుతారు. ఒళ్లు కదులుతోంది కాబట్టి ఒంటికి కొంత లెక్కే. మనసు సంగతి వేరు. సరదా కోసం చేసే కదలిక, నడిచో సైకిల్ మీదో పనికి వెళ్లడం మనసుకు మేలు చేస్తున్నట్టు అధ్యయనాల్లో కనిపిస్తుంది. ఇంటి చాకిరీలో, ఉద్యోగంలో పడే శ్రమలో ఆ మేలు అంతగా కనిపించదు. ఉద్యోగంలో శ్రమ ఎక్కువైన కొద్దీ మనసు బాగోలేనివాళ్లు ఎక్కువగా కనిపించిన అధ్యయనాలూ ఉన్నాయి.

ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఆ పనిలో మీ ఇష్టం లేదు, ఆపే స్వేచ్ఛ లేదు, చేసినందుకు మెచ్చుకునేవాళ్లు లేరు. అంట్లు తోమడానికీ ఆట ఆడటానికీ చేతులు ఒకటే, మనసు ఒకటి కాదు. అందుకే ‘మా ఆవిడకు ఇంటి పనితోనే సరిపోతుంది, వేరే వాకింగ్ ఎందుకు’ అనే మగవాళ్లతో నాకు పేచీ. ఆమెకు కావలసింది ఇంకో అరగంట శ్రమ కాదు, తనదంటూ ఒక అరగంట. ఆ సమయంలో పాలు కాచి పిల్లలకు టిఫిన్ పెట్టే బాధ్యత మీరు తీసుకోవాలి. లేకపోతే ఆమె నడుస్తున్నంతసేపూ బుర్ర వంటింట్లోనే ఉంటుంది.

వారానికి ఎంత చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం గానీ, 75 నుంచి 150 నిమిషాలు గట్టి వ్యాయామం గానీ చేయాలి. కండరాలకు బలం ఇచ్చేవి వారానికి రెండు రోజులైనా ఉండాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉంటే అది ఒక మోస్తరు. అంత చేయలేకపోతే చేసినంత చేయండి. ఏమీ చేయకపోవడం కన్నా ఎంతో కొంత చేయడం మేలని ఆ సూచనల్లోనే రాసి ఉంది.

మనసుకు ఏ ఆట మంచిది?

2018లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో అమెరికాకు చెందిన 12 లక్షల మంది వివరాలతో ఒక అధ్యయనం వచ్చింది. వ్యాయామం చేసేవాళ్లకు మనసు బాగోని రోజులు 43 శాతం తక్కువ. జట్టుగా ఆడే ఆటల్లో ఆ తేడా అందరికన్నా ఎక్కువ. ఆ తర్వాత సైక్లింగ్, జిమ్, ఏరోబిక్స్. అయితే మనసు బాగున్నవాళ్లే ఆటలకు వెళ్లి ఉండవచ్చు, కాబట్టి ఇదే కారణమని ఇలాంటి అధ్యయనం తేల్చలేదు. మీకు కబడ్డీ ఇష్టమై, ఎవరో చెప్పారని యోగా క్లాసులో కూర్చుంటే నెల తిరక్కుండా మానేస్తారు. షటిల్, వాలీబాల్, ఈత, సూర్యనమస్కారాలు, డాన్సు, వీటిలో రేపు కూడా వెళ్లాలనిపించేదే మీ ఆట.

## మొదటి నెల

మనసు బాగోనప్పుడే మంచం దిగబుద్ధి కాదు. అలాంటప్పుడు ఎలా మొదలుపెట్టాలి?

డిప్రెషన్‌లో ఉన్న పెద్ద చిక్కు ఇదే. చేయాలనే కోరికను ఆ జబ్బే మింగేస్తుంది. పక్కనున్నవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. బద్ధకస్తుడికి పని తప్పించుకున్నందుకు హాయిగా ఉంటుంది, డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఆ హాయి కూడా ఉండదు.

మనస్తత్వ చికిత్సలో బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి ఉంది. మూడ్ వచ్చాక పని మొదలుపెడదామని ఆగకుండా, చిన్న పని ముందు చేస్తే మూడ్ తర్వాత వస్తుందన్నది దాని సారం. మొదటి వారం లక్ష్యం నవ్వొచ్చేంత చిన్నది పెట్టుకోండి. చెప్పులేసుకుని వీధి చివర పాల బూత్ దాకా వెళ్లి రండి. అంతే. ఆ రోజు ఓపిక ఉన్నా అంతకు మించి చేయకండి. పొద్దున పూట మరీ బరువుగా ఉంటే సాయంత్రం వెళ్లండి. డిప్రెషన్ ఉన్న చాలామందికి తెల్లవారుజామునే అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది. ‘ఐదింటికి లేస్తేనే వాకింగ్’ అన్న నియమం ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పెట్టుకున్నది.

ఎవరైనా వచ్చి తలుపు తడితే ఇంకా మంచిది. ‘నువ్వు నడవాలి’ అనేకన్నా ‘నేను వెళ్తున్నా, తోడు రా’ అంటే కాలు కదులుతుంది.

కాస్త వేగంగా నడిస్తే గుండె దడదడలాడుతుంది. మళ్లీ పానిక్ (ఉన్నట్టుండి కమ్మేసే విపరీతమైన భయం) వస్తుందేమోనని భయం.

ముందు డాక్టర్‌కు చూపించి ఈసీజీ తీయించుకోండి. వయసు 40 దాటినా, షుగర్, బీపీ ఉన్నా, ఇంట్లో గుండె జబ్బులున్నా ఇది తప్పనిసరి. శ్రమ పడినప్పుడు ఛాతీ బిగుసుకున్నా, నొప్పి చేయికో దవడకో పాకినా, కళ్లు తిరిగినా దాన్ని పానిక్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు.

గుండె బాగానే ఉందని తేలితే, ఆ దడే మీకు మందు. పానిక్ ఉన్నవాళ్లు గుండె వేగాన్ని ప్రమాద సూచనగా చదువుకుంటారు. నెమ్మదిగా వేగం పెంచుతూ ‘దడ వచ్చింది, ఆయాసం వచ్చింది, రెండు నిమిషాలు నిదానించగానే తగ్గింది’ అని ఒళ్లు పదేపదే చూస్తే ఆ భయం సడలుతుంది. చికిత్స చేసేవాళ్లు కావాలనే మెట్లెక్కించి, నిలబడ్డ చోటే పరుగెత్తించి ఇదే నేర్పిస్తారు. మీ అంతట మీరు చేసేటప్పుడు రెండు నిమిషాలు వేగం, మూడు నిమిషాలు నిదానం, ఇలా మొదలుపెట్టండి. టీ, కాఫీ తాగి వెంటనే వెళ్లకండి, ఆ దడ కూడా కలిసి లెక్క తప్పుతుంది.

ఎన్ని రోజులకు తేడా తెలుస్తుంది?

చిరాకు, ఆందోళన ఆ పూటకే కొంత తగ్గుతాయి. నడిచొచ్చాక కొన్ని గంటలు తేలిగ్గా ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. నిలకడగా మార్పు రావడానికి వారాలు పడుతుంది. డిప్రెషన్ మీద అధ్యయనాలు చాలావరకు 8 నుంచి 16 వారాలు నడిచాయి. వారం రోజులకే ‘నాకు పనిచేయలేదు’ అనుకోవద్దు. నెలన్నర క్రమంగా చేసినా బరువు అలాగే ఉంటే మాత్రం ఇంకా గట్టిగా పరిగెత్తడం మొదలుపెట్టకండి, డాక్టర్‌ను కలవండి.

మన విజయవాడ ఎండలో ఎప్పుడు నడవాలి? మేలో పూర్తిగా మానేయాలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మన ఊరిని చూసే పుట్టిందేమో. పొద్దున ఆరున్నరలోపు ముగించండి. సాయంత్రం సూర్యుడు దిగినా రోడ్డు, కొండరాళ్లు వేడి కక్కుతూనే ఉంటాయి. మొగల్రాజపురం, గుణదల వైపు వాళ్లకు ఇది బాగా తెలుసు. చెట్ల నీడ ఉన్న పార్కులు, కృష్ణ ఒడ్డు ఘాట్లు కాస్త నయం. మరీ మండే రోజుల్లో ఇంట్లో ఫ్యాన్ కింద సూర్యనమస్కారాలు, గోడకు చేతులానించి పుషప్స్, కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేసుకోవచ్చు. ఇండోర్ షటిల్ కోర్టులు కూడా వేడెక్కుతాయి, నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోండి.

మనసుకు మాత్రలు వాడేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. లిథియం వాడేవాళ్ల ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు. ఇంకొన్ని మందులు చెమటను తగ్గించి ఒళ్లు చల్లబడకుండా చేస్తాయి. ఎండాకాలం రాకముందే మీ డాక్టర్‌తో ఈ ముక్క మాట్లాడి ఉంచండి.

నలుగురూ చూస్తారని సిగ్గు. లావుగా ఉన్నాను, చీరలో నడవాలి.

చీర మీద కాన్వాస్ బూట్లు వేసుకుని నడిచే పెద్దమ్మలు ఈ ఊళ్లో ప్రతి పార్కులోనూ ఉన్నారు, వాళ్లను ఎవరూ వింతగా చూడరు. మొదటి వారం ఇంకో ఆడమనిషిని తోడు తెచ్చుకోండి. బయట వద్దనుకుంటే డాబా మీద, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మొదలుపెట్టండి. కాకపోతే అక్కడే ఆగిపోకండి. మనిషి మొహం చూడని నడకలో సగం లాభం పోతుంది.

మంచి షూ కొనాలా? జిమ్‌కు డబ్బు కట్టాలా?

కాలికి సరిపోయి, మడమ నొప్పి పుట్టించని షూ ఒక జత చాలు. జిమ్‌కు ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. ఒక నెల చూడండి.

## అలవాటు పడ్డాక

పెళ్లిళ్లు, జ్వరం, ఊరెళ్లడం. మధ్యలో తెగిపోయింది. మళ్లీ మొదటికొచ్చినట్టేనా?

కాదు. లండన్‌లో అలవాట్ల మీద చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏదైనా పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. దెబ్బ కొట్టేది తప్పిన రోజు కాదు, ‘నావల్ల ఏదీ కాదు’ అనే తిట్టు. దసరా పది రోజులు వన్‌టౌన్ వైపు రోడ్లన్నీ జనంతో నిండిపోతాయి. ఆ రోజుల్లో మానేసి, పండగయ్యాక మళ్లీ సగం దూరంతో మొదలుపెట్టండి.

ఒక్కడినే నడిస్తే మంచిదా, బ్యాచ్‌తోనా?

ఒంటరితనం బాధిస్తుంటే బ్యాచ్. రోజంతా కస్టమర్లతోనో, క్లాసు పిల్లలతోనో మాట్లాడి అలిసిపోతే ఒంటరిగా. బ్యాచ్‌కు ఉన్న గొప్ప గుణం, మీరు రెండు రోజులు కనిపించకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. రిటైరైనవాళ్లకు, భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్లకు ఆ ఫోన్ విలువ తెలుసు. బ్యాచ్‌తో చిక్కు, నడక తగ్గి రాజకీయం పెరగడం. ఎన్నికల ముందు మా బ్యాచ్ రెండుగా చీలి చెరో వైపు నుంచి ట్రాక్ చుట్టేస్తుంది, ఫలితాలొచ్చాక ఇడ్లీ బండి దగ్గర కలిసిపోతుంది. వాదనతో బీపీ పెరిగేవాళ్లు ఆ కాలంలో చెవుల్లో పాటలు పెట్టుకోవచ్చు.

వాచీలో 10 వేల అడుగులు పూర్తికాకపోతే నిద్ర పట్టదు.

ఆ 10 వేలు డాక్టర్లు తేల్చిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. రాత్రి పదకొండింటికి హాల్లో గుండ్రంగా తిరిగి అంకె పూర్తిచేస్తున్నారంటే ఆ వాచీయే మీకు టెన్షన్ పెడుతోంది. ఒక వారం తీసేసి నడవండి. ఆందోళనకు ప్రొప్రనొలాల్ వంటి మాత్ర వాడుతుంటే గుండె వేగం పెరగకుండా ఆ మందే ఆపుతుంది, అప్పుడు వాచీ చూపే గుండె లెక్కలతో శ్రమను కొలవడం కుదరదు.

ఒక్కరోజు మానేసినా పిచ్చి కోపం వస్తుంది. ఇది వ్యసనమా?

కాస్త చిరాకు మామూలే. గాయంతో, జ్వరంతో కూడా మానలేకపోవడం, తిన్నదానికి శిక్షగా పరిగెత్తడం, ఇంటి పనులు, స్నేహాలు వదిలేసి రోజుకు రెండుసార్లు జిమ్‌కు పోవడం మాత్రం ప్రమాద సూచనలు. లాన్సెట్ సైకియాట్రీ అధ్యయనంలో 45 నిమిషాల చొప్పున వారానికి మూడు నుంచి ఐదుసార్లు చేసినవాళ్లే అందరికన్నా బాగున్నారు, రోజుకు మూడు గంటలు దాటినవాళ్ల మనసు స్థితి ఏమీ చేయనివాళ్ల కన్నా కూడా బాగోలేదు. తిండి బాగా తగ్గించేసి, అమ్మాయిలకైతే నెలసరి ఆగిపోతే, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

## ఇంట్లో చదువుకునే పిల్లలుంటే

మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. రెండేళ్లు ఆటలు ఆపేస్తే ఏమవుతుంది?

ఈ ఊరికి రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు చదువుకోడానికి వస్తారు. పొద్దున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజు వాళ్లది. గ్రౌండ్ లేని కాలేజీలు, ఆదివారం కూడా పరీక్ష పెట్టే కాలేజీలు ఉన్నాయని తల్లిదండ్రులందరికీ తెలుసు. తెలిసే చేర్పిస్తున్నారు.

ఏమవుతుందో చెబుతాను. పదో తరగతి దాకా సాయంత్రం వీధిలో క్రికెట్ ఆడిన పిల్లాడికి ఆట ఒక్కటే పోదు. స్నేహితులు పోతారు. ఓడిపోయి మర్నాడు మళ్లీ ఆడే అలవాటు పోతుంది. అలిసి పడుకునే నిద్ర పోతుంది. మిగిలేది ర్యాంకు ఒక్కటే, అది వారం వారం కిందకీ పైకీ ఊగుతుంటుంది. ‘నేను దేనికీ పనికిరాను’ అన్న ఆలోచన అడ్డు లేకుండా పెరగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆడితే ర్యాంకు వస్తుందని నేను హామీ ఇవ్వను. ఇరవై నిమిషాల కదలిక తర్వాత శ్రద్ధ కాసేపు బాగుంటుందని మాత్రం అధ్యయనాలు చూపించాయి. పిల్లాడు ఇంటి నుంచి వెళ్లొస్తుంటే కాలేజీకి సైకిల్ మీదో, ఒక స్టాపు ముందు దిగి నడిచో వెళ్లనివ్వండి. హాస్టల్లో ఉంటే స్కిప్పింగ్ తాడు కొనివ్వండి, డాబా మీద చోటు చాలు. కాలేజీలో చేర్పించేటప్పుడు ఫీజు రాయితీ గురించి అడిగే తల్లిదండ్రుల్లో పదోవంతు మంది ‘సాయంత్రం గంటసేపు పిల్లల్ని వదులుతారా’ అని అడిగినా యాజమాన్యాలు గ్రౌండు వెతుక్కుంటాయి.

పిల్లాడు అన్నం మానేసినా, స్నేహితుల్ని తప్పించుకుంటున్నా, చావు మాటలు మాట్లాడినా, తనకిష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా అది ఆటలతో పోయే సంగతి కాదు. ఆ రోజే వెళ్లి కలవండి, ఇంటికి తెచ్చుకోండి, మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి.

మా పాప ఆరేళ్లు షటిల్ ఆడింది. ఇప్పుడు కోర్టు పేరెత్తితే ఏడుస్తోంది.

కారణం పాపనే అడగాలి, అదీ కారులో కోర్టుకు తీసుకెళ్తూ కాదు. నెలసరి ఇబ్బంది, పొట్టి బట్టల మీద ఎవరో అన్న మాట, కోచ్ తిట్లు, తాకరాని చోట తాకిన చెయ్యి, వరసగా మ్యాచ్‌లు ఓడిపోవడం, లేదా ఉత్త విసుగు. వీటిలో ఏదైనా కావచ్చు. తాకిన సంగతైతే కోచింగ్ ఆపి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. విసుగైతే రెండు నెలలు సెలవివ్వండి. ఇంతకాలం పెట్టిన ఖర్చు గురించి మాత్రం ఎత్తకండి. తిరిగి రాకపోతే ఇంకో ఆట చూసుకుంటుంది, చూసుకోకపోయినా సరదాగా నడిచే అలవాటు మిగిలితే చాలు.

మావాడు చెస్ ఆడతాడు, ఫోన్‌లో క్రికెట్ ఆడతాడు. అవి ఆటలే కదా?

చెస్ ఆటే. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయిన కోనేరు హంపి మన కృష్ణా జిల్లా మనిషి. కానీ పెద్ద చెస్ ఆటగాళ్లు కూడా ఒంటికి వ్యాయామం విడిగా చేస్తారు, గంటల తరబడి ఏకాగ్రత నిలవాలంటే ఒళ్లు సహకరించాలి. ఫోన్ క్రికెట్‌లో కదిలేది బొటనవేలు ఒక్కటే.

## పోటీల్లో ఆడేవాళ్లకు

ఆటగాళ్ల మనసు గట్టిది, వాళ్లకు డిప్రెషన్ రాదంటారుగా?

వస్తుంది. 2008లో బీజింగ్‌లో దేశానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన షూటర్ అభినవ్ బింద్రా, గెలిచిన తర్వాత తనను కమ్మిన శూన్యం గురించి బహిరంగంగా మాట్లాడారు. 2014 ఇంగ్లండ్ పర్యటనలో డిప్రెషన్ అనుభవించానని విరాట్ కోహ్లీ చెప్పారు. టోక్యో ఒలింపిక్స్‌లో మానసిక ఆరోగ్యం కోసం జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకున్న అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్, 2024లో పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2019లో ఆటగాళ్ల మానసిక ఆరోగ్యం మీద ప్రత్యేకంగా ఒక పత్రం విడుదల చేసింది.

సరదాగా ఆడటం వేరు, ఆటే బతుకవ్వడం వేరు. సెలెక్షన్, స్పోర్ట్స్ కోటా సీటు, ఉద్యోగం, నాన్న చేసిన అప్పు, ఇవన్నీ రాకెట్‌కు వేలాడుతుంటే అదే ఆట బరువవుతుంది.

మ్యాచ్ ముందు చేతులు వణుకుతాయి, కడుపులో తిప్పుతుంది.

వణుకు అందరికీ వస్తుంది, తేడా దాంతో ఏం చేస్తామన్నదాంట్లో ఉంది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన మన విజయవాడ ఆర్చర్ జ్యోతి సురేఖ ఆట చూడండి. వ్యక్తిగత పోటీలో ఒక్కో బాణానికి 20 సెకన్లే. ఆ సమయంలో గెలుపు గురించి ఆలోచించే తీరిక ఉండదు, ప్రతిసారీ అదే నిలబడే తీరు, అదే పట్టు, అదే శ్వాస. మీరూ సర్వీసుకు ముందు ఒక చిన్న క్రమం పెట్టుకోండి: బంతిని రెండుసార్లు నేలకు కొట్టడం, శ్వాసను పీల్చినదానికన్నా నెమ్మదిగా వదలడం. ప్రాక్టీసులో రోజూ చేస్తేనే మ్యాచ్‌లో పనికొస్తుంది.

మోకాలు ఆపరేషన్ అయింది. ఆరు నెలలు ఆట లేదు. బతుకే పోయినట్టుంది.

గాయం తర్వాత దిగులు పడటం చాలా మామూలు. ఫిజియోథెరపీ షెడ్యూలులో మనసు సంగతి కూడా రాయించుకోండి. జట్టుకు దూరం కాకండి, స్కోరు రాయండి, చిన్నపిల్లలకు నేర్పండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోతే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి.

## డాక్టర్ దాకా వెళ్లాల్సి వస్తే

నడక మొదలుపెట్టాక బాగుంది. మాత్రలు మానేయొచ్చా?

మీ అంతట మీరు మానొద్దు. డిప్రెషన్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం రావచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. బాగైన తర్వాత కూడా సాధారణంగా ఆరు నెలలైనా కొనసాగించి, తర్వాత కొద్దికొద్దిగా తగ్గిస్తారు. నడక సంగతి డాక్టర్‌కు చెప్పండి, మోతాదు నిర్ణయించడానికి అది పనికొచ్చే సమాచారం.

మామూలు దిగులుకూ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన దిగులుకూ తేడా ఎలా తెలుస్తుంది?

దాదాపు రోజంతా దిగులు, ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం, ఊరికే నీరసం, తానొక భారమన్న ఆలోచన, ఇవి రెండు వారాలు దాటి పనులకు అడ్డొస్తుంటే వెళ్లాలి. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి రక్త పరీక్షలు రాస్తే విసుక్కోవద్దు. చనిపోవాలనిపిస్తే రెండు వారాలు ఆగే ప్రశ్నే లేదు, వెంటనే వెళ్లాలి.

బుడమేరు వరద తర్వాత గట్టిగా వాన పడితే చాలు, ఒళ్లు చల్లబడిపోతుంది. నడక సరిపోతుందా?

2024 సెప్టెంబర్‌లో సింగ్‌నగర్ వైపు నీళ్లలో చిక్కుకున్నవాళ్లు ఇప్పటికీ ఇలా చెబుతుంటారు. నడక, ఆట నిద్రకు సాయం చేస్తాయి, ఒంట్లో బిగువు తగ్గిస్తాయి. కానీ ఆ రోజు దృశ్యాలు కళ్ల ముందుకొస్తున్నా, పీడకలలొస్తున్నా, మబ్బు పడితే బయటికి వెళ్లలేకపోతున్నా దానికి ప్రత్యేకమైన చికిత్స ఉంది, పనిచేస్తుంది. ఇన్నాళ్లయింది కదా, ఇప్పుడెందుకని సిగ్గుపడకండి.

సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే నలుగురికీ తెలిసిపోతుంది. ముందు ఫోన్‌లో మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నేరుగా వెళ్లాలంటే విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ, బీపీ, షుగర్‌వి కూడా, వెంట తీసుకెళ్లండి.